గుండెపోటు తరువాత ఇంటి దగ్గర ఎలా ఉండాలి?



గుండెపోటు వచ్చిన వారిని డిశ్చార్జి చేసే రోజున మా నర్సులను ఇంటివారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. “మంచం దిగనివ్వవచ్చా అమ్మా?” “మెట్లు ఎక్కవచ్చా?” “ఈ మాత్రలు ఎన్నాళ్ళు?” “మళ్ళీ వస్తుందా?” ఆ రోజు మేము చెప్పిన జవాబులు బిల్లు కట్టే తొందరలో, బండి మాట్లాడే హడావిడిలో సగం మరచిపోతారు. అందుకే ఆ సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఈ పేజీని దాచుకోండి. ఇంట్లో అందరూ చదవండి, చదువు రానివారికి చదివి వినిపించండి.

ఇంటికి వెళ్ళినవారిలో రెండు రకాల వారిని చూస్తుంటాము. కొందరు నెల రోజులకే “నాకేమీ లేదు, బాగానే ఉన్నాను” అని మాత్రలు మానేసి, చుట్ట మళ్ళీ వెలిగిస్తారు. మరికొందరు ఇక తమ జీవితం అయిపోయిందని మంచానికే అంటుకుపోతారు. ఇద్దరికీ నష్టమే. గుండెపోటు తరువాత మంచి వైద్యం తీసుకుని, అలవాట్లు మార్చుకున్నవారు ఎన్నో సంవత్సరాలు పొలం పని, ఉద్యోగం, ఇంటి పని చేసుకుంటూ బ్రతుకుతున్నారు.

గుండెకు ఏమి జరిగింది?

మన గుండె రోజుకు సుమారు 1 లక్ష సార్లు కొట్టుకుంటుంది. ఒళ్ళంతటికీ రక్తం పంపే ఆ కండరానికి కూడా రక్తం కావాలి. దానిని అందించేవి గుండె మీద ఉండే సన్నని రక్తనాళాలు. వాటి లోపలి గోడల్లో ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డ కడుతుంది. దారి మూసుకుపోతుంది. ఆ నాళం మీద ఆధారపడిన కండరానికి రక్తం అందక, అది నశించడం మొదలవుతుంది. ఇదే గుండెపోటు.

గడ్డను కరిగించే ఇంజెక్షను ఇచ్చినా, స్టెంటు వేసినా, బైపాస్ ఆపరేషను చేసినా, చేసిన పని కండరానికి మళ్ళీ రక్తం అందేలా చేయడం. అప్పటికే దెబ్బతిన్న కండరం పుండు మానినట్టుగా మానాలి. అది గట్టి మచ్చగా మారడానికి సుమారు 6 నుండి 8 వారాలు పడుతుంది. ఇంకొక మాట. స్టెంటు ఒక్కచోటనే వేస్తారు, కొవ్వు పేరుకునే గుణం మాత్రం అన్ని నాళాల్లోనూ ఉంటుంది. కనుక “స్టెంటు వేశారు కదా, రోగం పోయింది” అనుకోవడం పొరపాటు. మిగతా నాళాలను కాపాడుకునే వైద్యం ఇంటి దగ్గర జరగాలి. అది మీ చేతుల్లో ఉంది.

మంచమే మందు అనుకున్న రోజులు

ఒకప్పుడు గుండెపోటు వస్తే రోగిని 4 నుండి 6 వారాల పాటు మంచం మీదనే ఉంచేవారు. అన్నం కూడా నర్సులే తినిపించేవారు. కదలకపోవడం వల్ల కాళ్ళలో రక్తం గడ్డలు కట్టి, అవి ఊపిరితిత్తులకు వెళ్ళి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉండేవి. 1952లో అమెరికాలోని బోస్టన్ నగరంలో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్లు గుండెపోటు రోగులను త్వరగా కుర్చీలో కూర్చోబెట్టడం మేలని తమ అనుభవాన్ని ప్రచురించారు.

1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 64. ఆయనను చూసిన హృద్రోగ నిపుణుడు పాల్ డడ్లీ వైట్ నడక, వ్యాయామం గుండెకు మంచివని గట్టిగా చెప్పే మనిషి. ఐసెన్‌హోవర్ కోలుకుని మళ్ళీ పనిలోకి వచ్చారు, 1956 ఎన్నికల్లో మళ్ళీ గెలిచారు, 1961 జనవరి వరకు పదవిలో ఉన్నారు. 1969లో మరణించారు. అంటే మొదటి గుండెపోటు తరువాత 13 సంవత్సరాలకు పైగా జీవించారు. స్టెంట్లు, ఇప్పుడున్న మందులు లేని రోజుల్లోనే అది సాధ్యమైంది. కాబట్టి ధైర్యంగా ఉండండి.

మొదటి కొన్ని వారాలు

మొదటి వారం ఇంట్లోనే మెల్లగా తిరగండి. స్నానం, బట్టలు కట్టుకోవడం, భోజనం మీ అంతట మీరే చేసుకోండి. స్నానం గోరువెచ్చని నీళ్ళతో, స్టూలు మీద కూర్చుని చేయండి. గది తలుపుకు లోపల గడియ పెట్టుకోవద్దు. ఎవరైనా పిలిస్తే వినబడే దూరంలో ఉండాలి.

మలబద్ధకం రానివ్వకండి. ముక్కితే గుండె మీద భారం పడుతుంది. ఆకుకూరలు, పండ్లు, చాలినన్ని నీళ్ళు తీసుకోండి. నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే ఆ కొలత పాటించండి. అవసరమైతే విరేచనం సాఫీగా అయ్యే మందు రాసి ఇస్తారు, అడగడానికి మొహమాటపడవద్దు.

నీళ్ళ బిందెలు, గ్యాసు సిలిండరు, ధాన్యం బస్తాలు ఎత్తవద్దు. బోరింగు కొట్టవద్దు. బైపాస్ ఆపరేషను అయినవారికి రొమ్ము ఎముక అతకడానికి 2 నుండి 3 నెలలు పడుతుంది. అప్పటివరకు మనవలను కూడా ఎత్తుకోవద్దు, ఒడిలో కూర్చోబెట్టుకోండి. స్కూటరు నడపడం, దూర ప్రయాణాలు డాక్టరు చెప్పిన తరువాతనే.

కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగాలకు, ఇబ్బందులేమీ లేనివారు సాధారణంగా కొన్ని వారాల్లో వెళ్ళవచ్చు. పొలం పని, కూలి పని, బరువులు మోసే పని చేసేవారికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. ఎకో, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చూసి డాక్టరు తేదీ చెబుతారు. ఎండాకాలంలో పొలం పని ఉదయం 10 గంటలలోపు ముగించుకోండి.

ఇక్కడ స్త్రీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటి యజమానికి గుండెపోటు వస్తే ఇల్లంతా ఆయన చుట్టూ తిరుగుతుంది. అదే ఇల్లాలికి వస్తే మూడో రోజున ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది, వారం తిరగకుండా బట్టలు ఉతుకుతూ ఉంటుంది. చెకప్‌కు వచ్చినప్పుడు “ఎవరు చేస్తారమ్మా మరి?” అంటారు. ఆమె గుండె కూడా అదే కండరం, మానడానికి అన్ని వారాలే పడుతుంది. కొడుకులు, కూతుళ్ళు, భర్త, కోడళ్ళు ఆ పనులు పంచుకోవాలి.

నడక అనే మందు

నడకను కూడా మాత్రలాగే మోతాదు ప్రకారం తీసుకోవాలి. డాక్టరు అనుమతితో మొదట 5 నిమిషాలు, రోజుకు రెండు పూటలు, చదునైన నేల మీద నడవండి. రెండు మూడు రోజులకొకసారి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. 4 నుండి 6 వారాలకు చాలామంది రోజుకు 30 నిమిషాలు నడవగలుగుతారు. ఆ తరువాత వారానికి కనీసం 5 రోజులు మానకుండా నడవాలి.

సరైన వేగం తెలుసుకోవడానికి మిషను అక్కర్లేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగిపోయి ఆయాసం వస్తుంటే వేగం ఎక్కువైందని అర్థం. భోజనం చేసిన వెంటనే నడవవద్దు, గంటో రెండు గంటలో ఆగండి. బాగా మంచు పడుతున్నప్పుడు, ఎండ మండుతున్నప్పుడు ఇంటి వరండాలోనో, పెద్ద హాలులోనో నడవండి. జేబులో నాలుక కింద పెట్టుకునే మాత్ర, ఫోను, మీ పేరు రాసిన చీటీ ఉండాలి. తోడుగా ఒకరిని తీసుకువెళ్తే నడక మానబుద్ధి కాదు. ఇద్దరికీ మేలు.

నడుస్తుండగా ఛాతీలో బరువు, దవడ లేదా ఎడమ చేయి లాగడం, కళ్ళు తిరగడం, గుండె దడ వస్తే వెంటనే ఆగి కూర్చోండి. ఏమి చేయాలో కింద రాశాను.

మాత్రల సంగతి

“ఒళ్ళు బాగుంది, మాత్రలు ఎందుకు?” అని అడుగుతారు. మాత్రలు వేసుకుంటున్నారు కనుకనే ఒళ్ళు బాగుంది. ఏ మాత్ర ఏమి చేస్తుందో తెలిస్తే మానబుద్ధి కాదు.

రక్తం గడ్డ కట్టకుండా చూసేవి: యాస్పిరిన్, దానితోపాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ వంటి రెండో మాత్ర. యాస్పిరిన్ చాలామందికి జీవితాంతం ఉంటుంది. రెండవది సాధారణంగా ఒక సంవత్సరం పాటు ఇస్తారు. స్టెంటు కొత్తగా వేసినప్పుడు ఈ మాత్రలు మానితే స్టెంటులోనే గడ్డ కట్టి మళ్ళీ గుండెపోటు రావచ్చు. అది మొదటి దానికంటే ప్రమాదకరం కావచ్చు. పన్ను పీకించుకోవాలన్నా, వేరే ఆపరేషను చేయించుకోవాలన్నా మీ అంతట మీరు వీటిని ఆపవద్దు. మీకు స్టెంటు ఉందని ఆ డాక్టరుకు చెప్పి, గుండె డాక్టరును అడగండి.

కొవ్వు మాత్ర: అటార్వాస్టాటిన్ వంటివి. రక్తంలో కొవ్వు తగ్గించడమే కాక, నాళం గోడలోని కొవ్వు పొర చిట్లకుండా గట్టిపరుస్తాయి. రిపోర్టు మామూలుగా వచ్చిందని మానవద్దు. కండరాల నొప్పులు ఎక్కువగా ఉంటే డాక్టరుకు చెప్పండి.

గుండె వేగం తగ్గించేవి: మెటోప్రోలాల్ వంటివి. గుండెకు విశ్రాంతి ఇస్తాయి. వీటిని ఒక్కసారిగా ఆపితే గుండె దడ, నొప్పి తిరగబెట్టవచ్చు.

గుండె ఆకారం చెడకుండా కాపాడేవి: రామిప్రిల్ వంటివి. కొందరికి పొడి దగ్గు వస్తుంది. దగ్గు వస్తే మాత్ర మానేసి ఊరుకోకండి, డాక్టరు వేరే మాత్ర మారుస్తారు.

ఒక పూట మరచిపోతే తరువాత పూట రెండు కలిపి వేసుకోవద్దు. చదవడం రానివారికి మా నర్సులు ఒక పద్ధతి నేర్పుతారు. ఉదయం వేసుకునే మాత్రల పెట్టె మీద సూర్యుని బొమ్మ, రాత్రివాటి మీద చంద్రుని బొమ్మ గీసి ఇస్తారు. మీ ఇంట్లో పిల్లలచేత ఇలాగే గీయించండి, వారికి కూడా తాత మాత్రలు గుర్తుంటాయి.

డబ్బులు చాలక మాత్రలు మానేవారు ఉన్నారు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి, చెకప్‌కు రావడమే మానేస్తారు. దయచేసి అలా చేయకండి. చెబితే డాక్టరు తక్కువ ఖరీదులో దొరికే జనరిక్ మందులు రాస్తారు. జన ఔషధి దుకాణాల్లో ఈ మాత్రల్లో చాలావరకు తక్కువ ధరకు దొరుకుతాయి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉన్నవారు ఏ పరీక్షలు, ఏ మందులు అందులో వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

మోకాళ్ళ నొప్పి, నడుము నొప్పి అని మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు తెచ్చుకోవద్దు. అవి గుండెపోటు వచ్చినవారికి ప్రమాదం పెంచుతాయి, యాస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. నొప్పికి పారాసిటమాల్ సాధారణంగా మేలు, అదికూడా అడిగి వాడండి. మలం నల్లగా తారులా వస్తే వెంటనే ఆసుపత్రికి రండి.

“అడ్డంకులు కరిగించే కషాయం” అని వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం కలిపిన పానకాల గురించి ఫోనుల్లో వస్తుంటాయి. మూసుకున్న నాళాన్ని అవి తెరుస్తాయనడానికి రుజువు లేదు. వంటలో వెల్లుల్లి వేసుకోండి, తప్పులేదు. దానిని నమ్మి మాత్రలు ఆపితే ప్రాణం మీదకు వస్తుంది.

ఉపవాసం ఉండాలనుకునేవారు, అది ఉపవాస ప్రార్థన అయినా, శనివారమైనా, రంజాను నెల అయినా, ముందుగా డాక్టరును అడగండి. షుగరు మాత్రలు, ఇన్సులిను తీసుకునేవారికి ఇది మరీ ముఖ్యం. ఉపవాసం పేరున గుండె మాత్రలు మానకూడదు.

ఏమి తినాలి?

కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండాలి. పావు వంతు అన్నం లేదా జొన్న రొట్టె. మిగతా పావు వంతు పప్పు, చేప, గుడ్డు, చర్మం తీసిన కోడికూర వంటివి. మన ఇళ్ళలో కొండలా అన్నం పెట్టి, కొండ అంచున కూర పెట్టుకుంటాము. దానిని తిరగేయండి, అంతే. రాగి, జొన్న మంచివే, కాని షుగరు ఉన్నవారు సంకటి కూడా కొలతగానే తినాలి.

ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక చిన్న చెంచా, అదీ అన్నిటిలో కలిపి. మన ఉప్పు ఎక్కువగా ఉండేది ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఉప్పు చేపలు, మిక్చరు పొట్లాల్లో. భోజనం దగ్గర ఉప్పు గిన్నె పెట్టుకోకండి. మజ్జిగలో ఉప్పు బదులు నిమ్మరసం, కరివేపాకు, కొత్తిమీర వేసుకోండి. రెండు వారాలు ఓపిక పడితే నాలుక అలవాటు పడుతుంది. “తక్కువ సోడియం ఉప్పు” అడగకుండా కొనవద్దు. అందులో పొటాషియం ఉంటుంది, రామిప్రిల్ వాడేవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి అది హాని చేయవచ్చు.

నూనె ఏదైనా కొలిచి వాడండి. నలుగురున్న ఇంటికి నెలకు 2 లీటర్లు సరిపోయేలా చూసుకోండి. నెల మొదట సీసాలో పోసి పక్కన పెడితే ఎంత అవుతున్నదో తెలుస్తుంది. డాల్డా, పామాయిలు, బాగా పేరిన నెయ్యి తగ్గించండి. బజ్జీలు, పునుగులు వేసిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచవద్దు. వనస్పతి, బేకరీ తినుబండారాల్లో ఉండే ట్రాన్స్ కొవ్వు గుండెకు చెడ్డది. 2022 నుండి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో దానిని 2 శాతానికి మించకుండా కట్టడి చేశారు. అయినా బండి మీద పదేపదే కాగిన నూనెను ఎవరూ కొలవరు.

చేప మంచిదే, పులుసుగా తినండి, వేపుడుగా కాదు. మేక మాంసం ఎప్పుడో ఒకసారి, కొవ్వు తీసి, నాలుగు ముక్కలు. తలకాయ, బోటి, ఎముక గుజ్జు మానండి. పెళ్ళి భోజనాల్లో, ప్రేమ విందుల్లో బిర్యాని ఎదురుగా ఉంటే కొంచెమే పెట్టించుకుని, పెరుగు, కూరగాయల ముక్కలు ఎక్కువ తీసుకోండి. వడ్డించేవారు “ఒక్క ముక్క, ఏమీ కాదు” అంటూ బలవంతం చేయకండి. ప్రేమ ఉంటే ఆ ముక్క పెట్టకపోవడమే ప్రేమ.

పొగ, మద్యం

సిగరెట్టు, బీడీ, చుట్ట, ఏదైనా ఒకటే. శ్రీకాకుళం వైపు కొందరు స్త్రీలు నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ కూడా ఇందులోకే వస్తుంది. గుట్కా, ఖైనీలకు కూడా మినహాయింపు లేదు. గుండెపోటు తరువాత పొగ మానినవారిలో, మానని వారితో పోలిస్తే మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని పరిశోధనలు చూపాయి. డబ్బు ఖర్చు లేని ఇంత మంచి మందు ఇంకొకటి లేదు. “తగ్గిస్తాను” అనకండి, ఒక తేదీ పెట్టుకుని పూర్తిగా మానండి. మొదటి రెండు వారాలు చిరాకు, నిద్రలేమి ఉంటాయి, తరువాత సర్దుకుంటాయి. తట్టుకోలేకపోతే మందులు, నికోటిన్ బిళ్ళలు ఉన్నాయి, డాక్టరును అడగండి. ఇంట్లో వేరొకరు కాల్చినా ఆ పొగ మీ గుండెకు చేరుతుంది. మద్యం గుండెకు మంచిదనే మాట నమ్మవద్దు.

మీ అంకెలు మీకు తెలియాలి

2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద పరిశోధన 52 దేశాల్లో జరిగింది, మన దేశం కూడా అందులో ఉంది. పొగ తాగడం, కొవ్వు, బి.పి., షుగరు, బొజ్జ, మానసిక ఒత్తిడి, కూరలు పండ్లు తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం వంటి 9 విషయాలే ఎక్కువ గుండెపోట్లకు కారణమని అది తేల్చింది. మన ప్రాంతపు దేశాలవారికి మొదటి గుండెపోటు మిగతా దేశాలవారికంటే సగటున 5 సంవత్సరాలకు పైగా ముందే వస్తున్నదని కూడా అందులో తేలింది. ఆ తొమ్మిదిలో ప్రతి ఒక్కటీ మనం మార్చుకోగలిగినదో, అదుపులో పెట్టుకోగలిగినదో.

సాధారణంగా చాలామందికి ఉండవలసిన అంకెలు ఇవి. బి.పి. 130/80 కంటే తక్కువ. మూడు నెలల షుగరు పరీక్ష 7 కంటే తక్కువ. చెడ్డ కొవ్వు, అంటే ఎల్.డి.ఎల్., 70 కంటే తక్కువ, చాలామందికి 55 కంటే తక్కువ ఉంటే ఇంకా మంచిది. వయసు, ఇతర జబ్బులను బట్టి మీ డాక్టరు మీకు వేరే అంకె చెప్పవచ్చు. ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకుని, చెకప్‌కు వచ్చినప్పుడు తెండి.

బరువు కూడా చూసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చి దిండ్లు ఎక్కువ కావలసి వస్తున్నా, గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరుతున్నదేమో. ఆలస్యం చేయకుండా చూపించుకోండి. సంవత్సరానికొకసారి ఫ్లూ టీకా వేయించుకోవడం కూడా మంచిది. ఫ్లూ జ్వరం గుండె మీద భారం వేస్తుంది.

మనసు, సంసారం

గుండెపోటు వచ్చినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన దిగులు జబ్బు వస్తుంది. నిద్ర పట్టకపోవడం, ఊరికే కన్నీళ్ళు రావడం, కోపం, “నేను ఇంటికి బరువైపోయాను” అనే మాట, దేని మీదా ఆసక్తి లేకపోవడం దాని గుర్తులు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది పిరికితనమూ కాదు, విశ్వాసం తక్కువ కావడమూ కాదు, వైద్యం ఉన్న జబ్బు. డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి మన భాషలోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

భార్యాభర్తల కలయిక గురించి ఎవరూ అడగరు, మనసులో మాత్రం అందరికీ భయమే. ఇబ్బందులు లేకుండా కోలుకున్నవారు రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా భయపడనక్కర్లేదు. చెకప్‌లో డాక్టరును ఒక మాట అడగండి, స్త్రీలైతే మా నర్సులను అడగండి. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. సామర్థ్యం పెంచే మాత్రలు, అంటే సిల్డెనాఫిల్ వంటివి, నాలుక కింద పెట్టుకునే గుండె మాత్రతో కలిస్తే బి.పి. పడిపోయి ప్రాణం పోవచ్చు.

మళ్ళీ నొప్పి వస్తే

ఈ భాగాన్ని ఇంట్లో అందరూ నోటికి నేర్చుకోవాలి.

1. చేస్తున్న పని ఆపి కూర్చోండి. నిలబడి మాత్ర వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోతారు.
2. డాక్టరు రాసిచ్చిన సార్బిట్రేట్ వంటి మాత్ర ఒకటి నాలుక కింద పెట్టుకోండి. మింగవద్దు. తలనొప్పి రావచ్చు, భయపడవద్దు.
3. 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే, వెంటనే 108కు ఫోను చేయండి. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఉచితంగా ఉంది.
4. డాక్టరు ముందుగా చెప్పి ఉంటే యాస్పిరిన్ నమిలి మింగండి.
5. మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకురావద్దు. రోగిని నడిపించవద్దు, మెట్లు ఎక్కించవద్దు.
6. మనిషి స్పృహ తప్పి, పిలిచినా పలకక, ఊపిరి తీయకపోతే, 108కు చెప్పి, నేల మీద పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కండి. నిమిషానికి 100 నుండి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్లు కిందికి దిగేలా. అంబులెన్సు వచ్చేవరకు ఆపవద్దు.

నొప్పి అందరికీ సినిమాలో చూపినట్టు గుండె పట్టుకునేలా రాదు. షుగరు ఉన్నవారికి, పెద్దవయసు వారికి, స్త్రీలకు ఆయాసం, చెమటలు, వాంతి, దవడ నొప్పి, కడుపు పైభాగంలో మంట, చెప్పలేని నీరసం మాత్రమే ఉండవచ్చు. “గ్యాసే లెమ్మని” సోడా తాగించి తెల్లవారేదాకా కాచుకోవడం వల్ల పోయిన ప్రాణాలు ఎన్నో. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి అలాంటి బాధ వస్తే ముందు గుండె అనే అనుకోండి. ఇ.సి.జి. తీసి గ్యాసే అని తేలితే నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళవచ్చు. రాత్రి 2 గంటలకు వచ్చారని ఇక్కడ ఎవరూ విసుక్కోరు.

ఇంటివారికి ఒక మాట

రోగిని పసిబిడ్డలా చూడకండి, నేరస్థుడిలా కూడా చూడకండి. “నువ్వు చుట్టలు కాల్చబట్టే ఇదంతా” అని రోజూ దెప్పితే ఆయన చాటుగా కాలుస్తాడు. ఆయనకు ఒక వంట, మీకు ఒక వంట చేయకండి. ఆ తక్కువ ఉప్పు, తక్కువ నూనె వంటే ఇంటిల్లిపాదీ తినండి. తండ్రికి 55 సంవత్సరాలలోపు, లేదా తల్లికి 65 సంవత్సరాలలోపు గుండె జబ్బు వచ్చి ఉంటే, వారి పిల్లలకు, తోబుట్టువులకు కూడా అపాయం ఎక్కువ. వారందరూ బి.పి., షుగరు, కొవ్వు పరీక్షలు చేయించుకోవాలి.

మరచిపోకూడనివి

• మాత్రలు ఒక్క పూట కూడా మానవద్దు. ఇంకా 7 రోజులకు ఉండగానే కొత్తవి తెచ్చుకోండి.
• రోజూ నడవండి.
• పొగాకు ఏ రూపంలోనూ వద్దు.
• ఉప్పు, నూనె కొలవండి.
• చెకప్ తేదీ తప్పవద్దు. పాత కాగితాలు, యాంజియోగ్రాం రిపోర్టు, మాత్రల చీటీ ఒకే సంచిలో ఉంచండి.
• 108 నంబరు, దగ్గరి ఆసుపత్రి నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

ఇందులో అర్థం కానిది ఏదైనా ఉంటే చెకప్‌కు వచ్చినప్పుడు నర్సులను అడగండి. ఎన్నిసార్లు అడిగినా చెబుతాము. ఈ వ్యాసాన్ని మీ వీధిలో ఇటీవల గుండెపోటు వచ్చినవారి ఇంటికి కూడా పంపండి. వారి సంచిలో మాత్రలున్నాయో అయిపోయాయో ఒక్కసారి అడిగి చూడండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్